అడుగుకు ఆమడ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసి "ఒరేయ్, చింతలకోన దొరికిందిరా" అంది. ముందు నాకేం అర్థం కాలేదు. అర్థమయ్యాక కాసేపు మాట రాలేదు. పెద్దమ్మ ట్రంకుపెట్టెలో పట్టుచీరల అడుగున, నాలుగు మడతలు పెట్టి, ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన పాత క్యాలెండర్ కాగితం ఉందట. వెనక వైపు మొత్తం మా రాతే.

చింతలకోన ఏ మ్యాపులోనూ ఉండదు. 1987 ఎండాకాలం సెలవుల్లో కడప జిల్లా కొండాపురం దగ్గర మా అవ్వావాళ్ల ఊళ్లో, ఇంటి వెనక పెరట్లో అక్కా నేనూ కలిసి పుట్టించిన రాజ్యం అది. అక్కకు పన్నెండేళ్లు, నాకు తొమ్మిది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే పెద్దవాళ్లంతా నడవలో బండల మీద నీళ్లు చల్లుకుని పడుకునేవాళ్లు, మేం మాత్రం చింతచెట్టు నీడలో కూర్చుని దేశాలు కట్టేవాళ్లం.

పెరడంతా నాపబండలు పరిచి ఉండేది. మా వైపు ఇళ్లలో నేలకీ గోడకీ దడికీ అన్నిటికీ నాపరాయే కదా. ఆ బండల్లో ఒక్కో బండ ఒక్కో ఊరు. బండకీ బండకీ మధ్య ఉన్న సందు ఊరి పొలిమేర. రోలు రాజధాని. కొట్టం పక్కన ఉన్న గడ్డివామి ఉత్తరాన మంచుకొండ, దాని పేరు వామిగిరి. అవ్వ నీళ్లు కాచే బయటిపొయ్యి అగ్నికొండ. గిలకబావి సముద్రం. గిన్నెలు తోమే చోటు నుంచి సన్నగా పారే నీళ్లు మా జీవనది. దాని పేరు కుడితేరు, రోజుకు రెండుసార్లు, అంటే అవ్వ గిన్నెలు తోమినప్పుడల్లా వరద వచ్చేది, పన్నెండు ఊళ్లు దాటుకుని పోయి అరటిచెట్టు పాదులో ఇంకిపోయేది. దూరాలకు అక్క ఒక లెక్క పెట్టింది, అడుగుకు ఆమడ. ఆమడ అంటే కొన్ని మైళ్ల పాతకాలపు కొలత. బావి నుంచి రోలుకు పద్దెనిమిది అడుగులైతే సముద్రం నుంచి రాజధానికి పద్దెనిమిది ఆమడలు. ఈ లెక్క తప్పితే అక్క ఊరుకునేది కాదు, మూరతో కొలిచి ఉజ్జాయింపుగా చెబితే మళ్లీ కొలవమనేది.

సైన్యానికి కొదవే లేదు. ఎండాకాలం అవ్వ, పక్కింటి ఆడవాళ్లు కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీసేవాళ్లు, ఆ గింజలన్నీ మావే. చేటలకు చేటలు. రాజ్యానికి ఆ పేరు కూడా అట్లానే వచ్చింది. ఏడుగురు రాజుల వంశావళి అక్క నోటితోనే చెప్పేది, ఆ పేర్లు ఒక్కటీ ఇప్పుడు గుర్తులేవు, ఆమెకూ గుర్తులేవట. ఎవరు ఏ చెరువు తవ్వించారో మాత్రం ఇద్దరికీ గుర్తుంది, ఎందుకంటే ఆ గుంటలు మేమే సుత్తితోనూ ఉలితోనూ బండల సందుల్లో తవ్వాం, అవ్వ చేత తిట్లు తిన్నాం.

మరుసటి సంవత్సరం యుద్ధం వచ్చింది. నేను వామిగిరి రాజుని. కుడితేరు మా కొండ కిందినుంచే పోతుంది కాబట్టి ఒకరోజు బంకమట్టి తెచ్చి అడ్డంగా కట్ట వేశాను. దిగువన పన్నెండు ఊళ్లు ఎండిపోయాయి. అక్క రాయబారం పంపింది, నేను ఒప్పుకోలేదు. నిజంగానే ఒప్పుకోలేదు, ఆ రోజుల్లో ఆ కట్ట నా ప్రాణంగా ఉండేది, దానివెనక నిలిచిన జానెడు నీళ్లను చూసుకుంటూ అన్నం తినడం కూడా మర్చిపోయేవాడిని. మూడు రోజులు యుద్ధం జరిగింది. చింతగింజలు వందలు వందలుగా పడ్డాయి. మూడోరోజు సాయంత్రం రాజధాని ఓడిపోయింది. కథల్లో ఓడిపోయిన రాజధాని ఎప్పుడూ తగలబడుతుంది కదా, పొయ్యి దగ్గర నుంచి అగ్గిపెట్టె తెచ్చింది నేనే. రోలు చుట్టూ నాలుగు జొన్నచొప్ప పుల్లలు పేర్చి అంటించాం.

మే నెల గాలి. నాలుగు పుల్లల మంట చిక్కుడుపందిరికి, అక్కడినుంచి కంపదడికి ఎంతసేపట్లో పాకిందో నాకు తెలియదు, ఆవు అరిచిన అరుపు మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది. మామ పరిగెత్తుకొచ్చి పలుపు కోసి ఆవును బయటికి తోలాడు. ఇరుగుపొరుగు అంతా వచ్చి బావిలోంచి చేదలు చేదలు నీళ్లు తోడి పోశారు. గడ్డివామి అంటుకోకుండా ఆపారు గానీ పందిరి, దడి, చొప్ప కుప్ప అన్నీ బూడిదైపోయాయి. కరివేపాకు చెట్టు ఒక పక్కంతా మాడిపోయింది. రోలు నల్లగా మసిబారింది, అవ్వ ఆ తర్వాత ఎన్నిసార్లు కడిగినా దాని పక్కల్లో ఆ నలుపు పూర్తిగా పోలేదు.

ఆ రాత్రి మాకు దెబ్బలు పడతాయని ఇద్దరం దుప్పట్లో ముసుగేసుకుని పడుకున్నాం. తాత కొట్టలేదు. పొద్దున్నే లేపి పెరట్లోకి తీసుకుపోయి, ఆ బూడిదలో ఒక బండ మీద కూర్చుని, నింపాదిగా అడిగాడు.

"యుద్ధం బాగా చేసినారు. ఇప్పుడు కతలో ఇంకేముంది?"

"అయిపోయింది తాతా. రాజ్యం నాశనమైపోయింది" అంది అక్క ఏడుస్తూ.

"నాశనమైపోతే ఏం మిగిలిండాదో లెక్క రాయండి."

తాత ఆ ఊరి కరణం. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక ఆయనకు ఉద్యోగం పోయింది, లెక్కలన్నీ అప్పజెప్పేశాడు, చేతిలో మిగిలింది సగం ఖాళీగా ఉన్న ఒక సొంత దస్త్రం. ముప్పై ఏళ్లు ఊరి భూమి లెక్క రాసిన మనిషి, ఆ నాలుగేళ్లూ అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. ఆ రోజు లోపలికి పోయి ఆ దస్త్రం తెచ్చి మా ముందు పెట్టాడు. స్కేలు పెట్టి గళ్లు గీశాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరి పేరున ఉంది, నీటి ఆధారం ఏమిటి, ఏ పంట ఉంది. ఊరి భూమీ పంటా లెక్క రాసే అడంగల్ అంటే ఏమిటో నేను మొట్టమొదట నేర్చుకున్నది ఒక లేని రాజ్యానికి రాస్తూనే.

ఒక తాడుకు అడుగు అడుగుకు ముడి వేసి ఇచ్చాడు. సర్వే గొలుసు 66 అడుగులుంటుందని, దానికి వంద లింకులని, పది చదరపు గొలుసులు ఒక ఎకరమని చెప్పాడు. ఆ ముడుల తాడుతో పదిహేను రోజులు పెరడంతా కొలిచాం. బండబండకూ నంబరు వేశాం, మొత్తం 46 ఊళ్లు. పూర్తిగా కాలిపోయినవి 11. నీళ్లు పోసి మంట ఆర్పిన చోట బురదగా ఉన్న ఏడు ఊళ్లను మాగాణి అని రాయబోతే తాత ఆపాడు, "అది వరద నాయనా, మాగాణి కాదు, రేపటికి ఎండిపోతుంది" అన్నాడు. దడి కాలిపోయిన చోట పోరంబోకు అని రాయించాడు. కరివేపాకు చెట్టు దగ్గరికొచ్చేసరికి అక్క "కాలిపోయింది" అని రాసింది. తాత కాలిన కొమ్మ గోటితో గీకి చూపించాడు, లోపల పచ్చగా ఉంది. ఆ మాట కొట్టేసి "చెట్టు 1, సగం" అని రాశాం.

ఊరు పాడుబడిందా లేదా అన్నది ఆయన ఎట్లా తేల్చేవాడో చెప్పాలి. ఇళ్లు చూసేవాడు కాదు. ముందు బావి, తర్వాత చెరువు కట్ట, తర్వాత పొలిమేర రాయి. "ఇండ్లు కట్టుకుంటారులే, నీళ్లు యాడుండాయో రాయి" అనేవాడు. అట్లా రాయించిన లెక్కలోంచే అక్క క్యాలెండర్ వెనక పటం గీసింది. బొగ్గుతో కొండలు, నీలి పెన్సిలుతో కుడితేరు, ఎర్రసిరాతో కాలిన ఊళ్లు. నా కట్ట కూడా గీసింది, తెగిన చోట ఖాళీ వదిలి.

లెక్కతో పాటు చరిత్ర కూడా రాయాలని తాతే అన్నాడు. దాన్ని కైఫీయత్తు అంటారని చెప్పాడు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు దత్తం చేశాక ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ దొర మనుషులను ఊరూరికీ పంపి, ఈ ఊరు ఎవరు కట్టారు, ఏ రాజు కాలంలో ఏమైంది, గుళ్లెన్ని, బావులెన్ని, మాన్యాలెవరివి అని కరణాల చేత రాయించాడట, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి మనవాళ్లే ఆ పనిలో ముందుండేవాళ్లు. మెకంజీ పోయాక బ్రౌన్ దొర కైఫీయత్తులకు నకళ్లు రాయించాడు. కడపలో బ్రౌన్ ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. నేను ఉద్యోగంలో చేరాక అచ్చయిన మా జిల్లా కైఫీయత్తులు చదివాను. చదువుతుంటే నాకు చింతలకోనే కనబడింది. దండు వచ్చింది, ఊరు పాడైంది, జనం పోయారు, కొన్నాళ్లకు ఎవరో కౌలు ఇప్పించి మళ్లీ ఊరు నిలబెట్టారు. పేజీలకు పేజీలు ఇదే.

మేం చిన్నప్పుడు యుద్ధం అంటే ఎక్కడో దూరదేశపు కథ అనుకున్నాం గానీ మా నేలే అట్లాంటిది. 1565లో రక్కసితంగడి దగ్గర విజయనగరం ఓడిపోయాక రాజధాని పెనుకొండకు వచ్చింది. తర్వాత గోల్కొండ దండు వచ్చింది. తర్వాత కడప నవాబులు. నవాబుల మీదికి మరాఠాలు, 1779లో హైదరలీ, ఆయన తర్వాత టిప్పు, 1792 సంధిలో నిజాం, ఎనిమిదేళ్లకే ఇంగ్లీషు కుంపిణీ. మధ్యమధ్య పాలెగాళ్ల తగాదాలు. ఒక రైతు డెబ్బై ఏళ్లు బతికితే నలుగురైదుగురు ప్రభువులకు శిస్తు కట్టి ఉంటాడు, అందులో ఎంతమంది దండు తన చేను తొక్కిందో ఎవరు రాస్తారు.

ఆ సెలవుల ఆఖర్లో తాత మమ్మల్ని గండికోటకు తీసుకుపోయాడు. "యుద్ధం అయిపోయినాక ఊరు ఎట్లుంటుందో చూద్దురు పదండి" అని. జమ్మలమడుగు దాకా బస్సు, అక్కడినుంచి పదిహేను కిలోమీటర్లు తెలిసినవాళ్ల ఎద్దులబండి. ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసిన గండి అది, ఆ గండి వల్లే ఆ పేరు. అంచున నిలబడి కిందికి చూస్తే బండల మీద బండలు పేర్చినట్టు ఎర్రటి గోడ, అడుగున సన్నగా నది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఇది ఎన్ని ఆమడలు ఉంటుందిరా" అంది. కోటలో మాధవరాయస్వామి గుడి గోపురం నిలబడి ఉంది, లోపల విగ్రహం లేదు. రంగనాథస్వామి గుడి కూడా అంతే. జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారం, జైలు, ఎటు చూసినా కూలిన గోడలు, వాటి మధ్య కలబంద, పిచ్చికంప.

పెమ్మసాని నాయకుల కోట అది. వాళ్లు విజయనగరానికి అండగా నిలిచి కత్తి పట్టిన వంశం. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. 1652లో తవెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి అక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. ఆయన రాసింది చాలా ఏళ్ల తర్వాత చదివాను. చుట్టుపక్కల గుళ్లలోని రాగి విగ్రహాలన్నీ తెప్పించి, ఒక ఫ్రెంచివాడి చేత కరిగించి ఫిరంగులు పోయించాలని మీర్ జుమ్లా చూశాడట. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదట. అది చదివిన రోజు అక్కకు ఫోన్ చేసి చెప్పాను, ఇద్దరం చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. ఆయన ఇంకో మాట కూడా రాశాడు, కొండ మీద చదునులో వరి, జొన్నలాంటి పంటలు పండుతాయని, ఊటనీళ్లు పారుతాయని. దారి ఎంత ఇరుకో, కోట ఎంత గట్టిదో రాసిన మనిషి నీళ్ల సంగతి మర్చిపోలేదు. తాత ఉండి ఉంటే చదివి వినిపించేవాడిని.

మసీదు దగ్గర కత్తుల కోనేరు ఉంది. యుద్ధం నుంచి వచ్చినవాళ్లు అందులో కత్తులు కడిగితే నీళ్లు ఎర్రబడ్డాయని చెప్పుకుంటారు. నేను భయంభయంగా తొంగి చూశాను. అక్క మాత్రం తాతను అడిగింది, ఈ నీళ్లు ఎక్కడినుంచి వచ్చేవని. ఆయన ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు. మమ్మల్ని రాయలచెరువు దాకా నడిపించుకుపోయి, అక్కడినుంచి కోటలోకి గొట్టాలు వేసి నీళ్లు తెచ్చారని చూపించాడు. కోట లోపల చిన్న ఊరు ఉండేది, మనుషులు కాపురాలు చేస్తూనే ఉన్నారు. ఒక ఇల్లాలు మమ్మల్ని పిలిచి, ఎండన పడి వచ్చినారే అని మజ్జిగ ఇచ్చింది. బండిలో తిరిగి వస్తూ తాత దస్త్రం తీయించి, చింతలకోనలో కాలిన 11 ఊళ్లలో ఒకదాని ఎదురుగా "కాపురం ఉన్న ఇండ్లు" అని కొత్త గడి గీయించాడు.

ఆ తర్వాత రెండు ఎండాకాలాలు ఆ రాజ్యాన్ని తిరిగి నిలబెట్టడంతోనే గడిచాయి. మళ్లీ యుద్ధం రాలేదు, రావాలని ఇద్దరికీ అనిపించలేదు. 1991లో అక్క పదో తరగతి, ట్యూషన్లు, టెన్షన్లు. నేనొక్కడినే పోయాను గానీ ఒక్కడినే ఆడబుద్ధి కాలేదు. 1996లో తాత పోయాడు. దస్త్రం ఏమైందో ఎవరికీ తెలియదు. అవ్వ ఇంకో పదేళ్లు ఉంది.

గండికోట దగ్గర పెన్న మీద జలాశయం కట్టారు. దాని పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు కాలువల్లో వచ్చి అందులో నిలుస్తాయి, ఎన్నో ఎండిన ఊళ్లకు అక్కడినుంచే పోతాయి. నీటిమట్టం పెంచుతూ పోయేకొద్దీ కొండాపురం మండలంలో ఒక్కో ఊరూ ముంపులోకి వెళ్లింది, 2020లో తాళ్ల ప్రొద్దుటూరు ఖాళీ అయిన సంగతి పేపర్లలో అందరూ చదివే ఉంటారు. మా అవ్వావాళ్ల ఊరు కూడా ఆ ఊళ్లలో ఒకటి. మామ ఇల్లు విప్పుకుని తలుపులు, దూలాలు పునరావాస కాలనీకి తెచ్చుకున్నాడు. నాపబండలు కొన్ని తెచ్చాడు, అన్నీ తేవడానికి ట్రాక్టరు దొరకలేదు, రోజులు కూడా లేవు. రోలు అక్కడే ఉండిపోయింది. నేను ఆ రోజుల్లో కరోనా వల్ల పోలేకపోయాను, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఇంటి ముందర వైపు ఫోటోలు పెళ్లిళ్లవీ పేరంటాలవీ చాలా ఉన్నాయి. పెరడును మాత్రం ఎవరు ఫోటో తీస్తారు? ఒక్కటి కూడా లేదు.

అందుకే అక్క ఫోన్ చేసినప్పుడు అట్లా అయిపోయాను. మరుసటి వారమే రైలెక్కి పోయాను. కాగితం మడతల దగ్గర చిరిగింది, ఎర్రసిరా గోధుమరంగుకు తిరిగింది, అయినా అంకెలన్నీ చదవడానికి వస్తున్నాయి. సముద్రం నుంచి రాజధాని 18 ఆమడలు. అగ్నికొండ నుంచి కుడితేరు పుట్టిన చోటుకు 7. వామిగిరి చుట్టుకొలత 41. ఆమడ తీసేసి అడుగు అని చదివితే అది మా అవ్వ పెరడు, ముడుల తాడుతో కొలిచిన పెరడు, ఎక్కడా ఒక్క అడుగు తేడా లేదు. అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఆ అంకెలన్నీ కంప్యూటరులో వేసి పెద్ద కాగితం మీద ప్రింటు తీసిచ్చాడు. 46 బండలూ వచ్చాయి, నంబర్లతో సహా.

దాన్ని తీసుకుని కాలనీకి మామ దగ్గరికి పోయాం. ఆయనకు డెబ్బై దాటాయి, చూపు సరిగ్గా ఆనదు. మంచం మీద కాగితం పరిచి ఇది ఫలానా అని మేం చెప్పబోతుంటే చెయ్యి ఎత్తి ఆపాడు. వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. అగ్నికొండ మీద వేలు ఆగింది. "ఈడనే కదా అమ్మ నీళ్లు కాచేది" అన్నాడు. కొట్టం దగ్గర ఇంకాసేపు ఆగి, ఆవు పేరు చెప్పాడు. ఆ పేరు మేం మర్చిపోయాం.

తర్వాత తల ఎత్తి "మునగచెట్టు ఏది?" అన్నాడు.

అక్కా నేనూ ముఖాలు చూసుకున్నాం. దడి మూల మునగచెట్టు ఉండేది, నిజమే. మా రాజ్యంలో అది లేదు.

"పెన్ను ఇయ్యిరా" అని తీసుకుని, వణికే చేత్తో మూలన ఒక చిన్న సున్న చుట్టాడు. బావి నుంచి ఎంత దూరం మామా అని అడిగితే కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి తొమ్మిది అడుగులు అన్నాడు.

అక్క దాని పక్కన తొమ్మిది ఆమడలు అని రాసింది.